ఏ దావన పంపిస్తివప్పా

ఎక్కడ ప్రోగ్రాం చేసినా మరునాడు పొద్దున పదింటికి ఆయన దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. ఏడాదిన్నరగా ఒక్కసారీ తప్పలేదు. పోయిన నెల కర్నూలులో పాడి వచ్చాక పది దాటింది, పదకొండు దాటింది, ఫోన్ మోగలేదు. మొదట హాయిగా అనిపించింది. ఈ వారానికి అబద్ధం చెప్పే పని తప్పిందిరా అనుకున్నాను. మధ్యాహ్నానికి ఆ హాయి పోయింది. అన్నం ముందు కూర్చొని ఫోన్ వంకే చూస్తుంటే మా అమ్మ, "ఎవురిదిరా అంత ముఖ్యమైన ఫోను" అని అడిగింది. సాయంత్రం ఉండబట్టలేక నేనే చేశాను. ఎత్తింది ఆయన అల్లుడు.

"మామ పోయి నాలుగు దినాలాయనన్నా. నీ నంబరు ఆయప్ప ఫోన్లో పాట పిల్లోడు అని ఉండాది. ఎవురో ఏమోలే అని చెప్పలేదు" అన్నాడు.

నాకు ముప్పై ఆరేళ్ళు. తలమీద సగం జుట్టు లేదు. అయినా ఆయనకు పాట పిల్లోడినే.

ఆయన పేరు రాయను, వద్దన్నాడు కాబట్టి. మా ఆల్బం మీద పాడినవాళ్ళ పేర్లూ వాయించినవాళ్ళ పేర్లూ వేసేటప్పుడు ఆయన పేరు అడిగితే, "పేరేస్తే పిలిచినోడు నేనేనని ఆయమ్మకు తెలిసిపోతాది కదప్పా. పంపకపోతే నన్నే అడుగుతాది" అన్నాడు. తమాషాకు అంటున్నాడనుకొని నవ్వాను. "ఉరుము, పిలుపు: పెనుకొండ పెద్దాయన" అని వేశాం. ఇక్కడా అంతే.

మాది హిందూపురం. నేనూ ఇంకో ముగ్గురూ కలిసి ఒక బ్యాండ్ పెట్టుకున్నాం. పాటలు రాసేదీ పాడేదీ నేను. మా నాయన బెల్లం మండీ పైన మిద్దె గది మా సాధన గది. గిటార్ పెట్టెల్లోకి చీమలు దూరేవి, బెల్లం వాసనకు ఈగలు మైకు మీద వాలేవి. మా పాటల్లో రాక్ ఉంది, మా అవ్వలు పాడుకున్న పాటల ముక్కలూ ఉన్నాయి. ఇంగ్లీషు పత్రికల వాళ్ళు దానికి ఏదో పొడుగాటి పేరు పెట్టారు. మా నాయన మాత్రం "మీ శబ్దానికి గుమాస్తా లెక్క తప్పుతాండాడు, కిటికీలు మూసుకోండి" అనేవాడు. అంతవరకే మా కీర్తి.

మొదటి ఆల్బంలో మొదటి పాటకు ఉరుము కావాలనిపించింది. ఉరుమంటే మెడకు తగిలించుకొని వాయించే డోలు. ఒక పక్క కొడతారు, రెండో పక్క వంకర పుల్లతో తోలును రుద్దుతారు. ఆ రుద్దుడుకు నిజంగానే మబ్బు ఉరిమినట్టు మూలుగుతుంది. మా వైపు జాతరల్లో దానితోనే ఊరి దేవత అమ్మను పిలుస్తారు. పెనుకొండ కొండ కింద పల్లెలో ఒకాయన ఉన్నాడని, ఆయన పిలిస్తే రాయి కూడా లేచి వస్తుందని ఎవరో చెబితే వెతుక్కుంటూ పోయాం.

మేం పోయేసరికి ఆయన ముద్ద తింటున్నాడు. నిలబడి, పళ్ళెం ఎడమ చేతిలో పెట్టుకొని, వాకిట్లో ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతూ తింటున్నాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు పోయినా ఆయన తీరుగా కూర్చోవడం చూడలేదు. మంచం మీద కూర్చున్నా ఒక కాలు నేల మీద, లేవడానికి సిద్ధంగా ఉండేది. సన్నటి మనిషి, మోకాలి పైకి కట్టిన పంచె, భుజం మీద తువ్వాలు. ఎవరైనా పరిచయమైతే బాగున్నావా అని అడగడు. "మీ ఊరికి దావ యాడ్నుంచి వస్తాది?" అంటాడు. హిందూపురం అంటే, హిందూపురంలో ఏ పక్క, ఆ పక్కన వంక, అంటే వాగు, ఉందా, మరువ ఎటు పారుతుంది, అన్నీ అడిగాడు. దారిని మేం దావ అంటాం, చెరువు నిండినప్పుడు అదనపు నీళ్ళు పొర్లిపోయే చోటును మరువ అంటాం. మా ఊరి మరువ ఎటు పారుతుందో నాకు తెలియదు. ఆయనకు తెలుసు.

పాట సంగతి చెబితే ఆలోచించాడు. "పిలిచేది ఎవురైనా పిలుస్తారప్పా. పంపేదే విద్య. పిలిచి పంపితే తప్పేముంది, వస్తాపా" అన్నాడు. ఆ మాటలో రెండో సగం నేను వినలేదు. నాకు ఉరుము దొరికిందన్న సంతోషం అంతే.

బెంగళూరు స్టూడియోలో ఆయనతో పెద్ద తంటా. కుర్చీలో కూర్చోడు. మైకు ముందు ఒకచోట నిలబడడు. నాలుగు అడుగులు ముందుకు వేస్తాడు, నాలుగు వెనక్కి వేస్తాడు. రికార్డు చేసే మనిషి తల పట్టుకున్నాడు. చివరికి మైకులు పెంచి అట్లాగే పట్టాడు. ఆ ఉరుము చెవి దగ్గరికి వచ్చి మళ్ళీ దూరం పోయినట్టుగా వినబడుతుంది. దాన్ని మా కొత్త ప్రయోగమని అందరూ మెచ్చుకున్నారు. మేం కాదనలేదు.

నాలుగు నిమిషాల పిలుపు అయిపోగానే అందరం భోజనానికి లేచాం. ఆయన ఉరుము మెడలోంచి తీయలేదు.

"ఇంగా సాగనంపలేదు కదప్పా" అన్నాడు.

"అది తర్వాత చూద్దాం మామా. రా, అన్నం తిందాం."

తర్వాత గిటార్ల పని వచ్చింది, ఆ పని మీద పని వచ్చింది. నేను మరిచిపోయాను. సాయంత్రం కారెక్కే ముందు చూస్తే ఆయన గేటు దగ్గర కాపలావాడితో మాట్లాడుతున్నాడు. తెలుగులో అడిగి, కన్నడంలో అడిగి, చివరికి చేతులతో అడుగుతున్నాడు. ఈ ఊరు దాటిపోయే దారి ఎటు అని. ఆ కాపలావాడు ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు, వాడికి తెలిసింది మెట్రో ఒక్కటే. వాడు చూపించిన వైపు తిరిగి ఈయన ఉరుము మెల్లగా రుద్దుతూ సాగనంపే పాట ఎత్తుకున్నాడు.

సాగనంపే పాటలో కథ ఉండదు, దారి ఉంటుంది. పిలిచిన చోటునుంచి ఊరి పొలిమేర దాకా అమ్మను చెయ్యి పట్టుకొని నడిపించినట్టు, మలుపు మలుపునా చెప్పుకుంటూ పోవాలి. ఇక్కడ వంక ఉంది, చీర ఎత్తుకో. ఇక్కడ కట్ట ఉంది, మెల్లగా ఎక్కు. పొలిమేర దాటిస్తే చాలు, అక్కడినుంచి ఆమె దారి ఆమెకు తెలుసు. బెంగళూరులో ఆయన ఏం పాడాడంటే, రైలు స్తంభాల నీడన పో తల్లీ, టోలుగేటు కాడ నిలబడొద్దు నీకు చీటీ లేదు, విమానాలు దిగే చోట తల వంచుకోని పో. మా డ్రమ్ములు వాయించే కుర్రాడు, వాడు బెంగళూరువాడే, అదంతా ఫోన్లో తీశాడు. ఆల్బం వచ్చాక ప్రతి ఇంటర్వ్యూలో నేను ఈ కథ చెప్పి నవ్వించాను. చీటీ దగ్గర ఆగి, జనం నవ్వేదాకా చూసి, అప్పుడు విమానాల మాట చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే చిరాకు.

ఆల్బం ఎవరూ అనుకోనంతగా జనంలోకి పోయింది. ఆ మొదటి పాటే మోసింది. ఆటోల్లో అదే, పెళ్ళి మంటపాల్లో అదే, ఫోన్లు మోగితే అదే. ఒకరోజు ఆయన తువ్వాళ్ళు కొనుక్కోవడానికి హిందూపురం వస్తే బస్టాండు దగ్గర టీ కొట్టుకు తీసుకుపోయాను. రెండు గుటకలు తాగాడో లేదో, కొట్టు యజమాని ఫోన్ మోగింది. ఆయన గొంతు, ఆయన ఉరుము.

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఎవురప్పా పిలిచేది?"

"నువ్వే మామా. రికార్డు."

"నేను ఒకసారే పిలిస్తిని కదా."

"ఎవరు ఎన్నిసార్లు పెట్టుకుంటే అన్నిసార్లు వస్తుంది."

"పెట్టుకున్న ప్రతిసారీ పిలిచినట్టే కదా మరి" అన్నాడు. నన్ను కాదు, గ్లాసును అడిగినట్టు అడిగాడు. తర్వాత లేచి రోడ్డు పక్కన నిలబడి గొంతు తగ్గించి బస్టాండు నుంచి పెన్న దాకా దారి పాడాడు. జనం తాగినవాణ్ణి చూసినట్టు చూశారు. నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని ఎడంగా నిలబడ్డాను, ఇది చెప్పుకోవాలి.

అప్పటినుంచి ఆయనకు కుదురు లేకుండా పోయింది. మొదట్లోనే తక్కువ కుదురు, ఉన్న కాస్తా మేం లాక్కున్నాం. ఎక్కడ ఆ పాట వినబడితే అక్కడ ఆగి పాడి పంపాలి. బ్యాంకులో లైన్లో ఉండి ఎవరి ఫోనో మోగితే లైను వదిలేసి బయటికి వచ్చేవాడు. మళ్ళీ పోయి లైను చివర నిలబడేవాడు. బస్సు ఒక్కటే ఆయనకు సుఖం. "బస్సులో అయితే బాధ లేదప్పా. పాట అయ్యేలోగా బస్సే పొలిమేర దాటిస్తాది" అనేవాడు.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. నేను ఆగనిచ్చానా. ఒకరోజు మా మిద్దె గదికి వచ్చినప్పుడు, సంతోషపెడదామని ఫోన్ తీసి ప్రపంచ పటం చూపించాను. మా పాట ఎక్కడెక్కడ వింటున్నారో ఆ ఊళ్ళ మీద చుక్కలు వెలుగుతుంటాయి. ఇంత గొప్ప సంగతి చూపిస్తున్నానని గొంతులో గర్వం కూడా పెట్టాను.

"ఈ చుక్కలేంది?"

"మన పాట ఇనేవాళ్ళు మామా."

"ఇదేవూరు?"

"నాగపూర్."

"ఇది?"

"దుబాయి."

"ఇది?"

"సింగపూర్ మామా. సముద్రంలో దీవి."

ఆయన ఆ చుక్క మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. "సుట్టూ నీళ్ళేనా? అట్లయితే నీళ్ళ కాడికి తీసకపోతే పొలిమేర అయినట్టేనా?" అని అడిగాడు. నాకు నవ్వు వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. చెమట పట్టి ఉంది. చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని కిందికి దిగిపోయాడు. ఆ రోజునుంచి పెనుకొండ రోడ్డు మీద లారీలు ఆగే హోటళ్ళ దగ్గర నిలబడి డ్రైవర్లను అడగడం పెట్టుకున్నాడు. ఫలానా ఊరి నడుమ నుంచి బయటికి పోయే దావ ఎట్ల, దావలో నీళ్ళేమన్నా ఉండాయా. ఒకసారి ఫోన్ చేసి, "నాగపూరు దాటే దావ దొరికిందప్పా" అని చెప్పాడు. ఆయన గొంతులో అంత నెమ్మది నేను ఎప్పుడూ వినలేదు.

నాకు జాలి వేసింది. జాలితోపాటు విసుగూ వచ్చింది. ఒకరోజు పెనుకొండ పోయి, "సాగనంపే పాట కూడా రికార్డు చేసి వెనకాల అతికిద్దాం మామా, గొడవ వదిలిపోతుంది" అన్నాను.

"యా ఊర్నుంచి పాడేది?"

"ఏ ఊరైనా సరే. పెనుకొండ నుంచి పాడు."

"సింగపూరులో ఇనేవాని ఇంట్లోకి ఆయమ్మ వచ్చింటాది. పెనుకొండ దావ చెప్తే ఆయమ్మ యాడికి పోవల్ల?" అన్నాడు. కాసేపు వాకిట్లో అటూ ఇటూ నడిచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "చుక్కల సంగతి నేను చూసుకుంటా, పోనీ. మీరు స్టేజీ ఎక్కి వందల మంది ముందర పిలుస్తాండారే, ఆడ మాత్రం మీరే పంపల్ల. పిలిచినోళ్ళు పంపకపోతే ఊరికి మంచిది కాదు. ఆయమ్మకూ మంచిది కాదు, ఎవురింటి ముందర నిలబడుకోవల్ల? రాగం నేర్పిస్తా, దావ నువ్వు కనుక్కో."

రాగం నేర్పించాడు. రెండు గంటలు పట్టింది. పెద్ద కష్టమైనది కాదు, నడిచే మనిషి ఊపిరికి సరిపోయే రాగం. పంపుతానని మాట ఇచ్చాను.

మాట నిలబెట్టుకోలేదు. కారణాలు చెప్పుకోవచ్చు. ఆ పాట మా ప్రోగ్రాంలో చివరిది. రికార్డులోంచి వచ్చే ఆయన ఉరుము చివరి దెబ్బకు దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోతాయి, జనం గొంతులు చించుకుంటారు, మేం వెళ్ళిపోతాం. దాని కోసమే జనం వస్తారు. ఆ తర్వాత దీపాలు మళ్ళీ వెలిగించి, ఫలానా సందులో ఎడమకు తిరుగు తల్లీ అని పాడితే ఎవరుంటారు? అసలు కారణం ఇది కూడా కాదు. నాకు సిగ్గు. వేల మంది చప్పట్లు కొట్టిన గొంతుతో దారి చెప్పుకుంటూ నిలబడాలంటే సిగ్గు.

మరునాడు పదింటికి ఫోన్.

"పంపిస్తివా?"

"పంపించినా మామా."

"ఏ దావన పంపిస్తివప్పా?"

అప్పుడు నేను ఫోన్లో మ్యాప్ తెరిచి ఊళ్ళ పేర్లు చదివేవాణ్ణి. విజయవాడ అయితే తేలిక. నది ఉంది కదా, కృష్ణ దాటించానన్నాను. "నీళ్ళుండెనా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. "మేలు" అన్నాడు. హైదరాబాదు రోజు చిక్కు వచ్చింది. సగం పేర్లు చదివేసరికి ఆపి, "ఆ దావలో చెరువుల్లేవా?" అన్నాడు. "ఒకప్పుడు ఉండేవంట మామా" అన్నాను. "చెరువు లేకుండా ఎట్ల దాటిస్తివప్పా" అన్నాడు మెల్లగా. నాకు ఒళ్ళు మండి, మ్యాప్‌లో లేని చెరువును ఒకటి పుట్టించాను. కట్ట మీద రావిచెట్టు కూడా పెట్టాను. అబద్ధానికి నీడ ఉంటే బాగుంటుందని కాబోలు. అట్లా ఏడాదిన్నర. కొన్ని ఊళ్ళకు మ్యాప్ కూడా తెరవలేదు, నోటికొచ్చిన పేర్లు చెప్పాను. ఆయన మాత్రం ప్రతి పేరూ వెనక్కి ఒకసారి చెప్పి సరిచూసుకునేవాడు. చాదస్తమనుకున్నాను.

ఆయన పోయాడని తెలిసిన మరునాడే పెనుకొండ పోయాను. ఎన్నిసార్లో అమ్మను పొలిమేర దాకా నడిపించిన మనిషి పోతే వెంట నాలుగడుగులు నడవడానికి నేను లేను. కారులో కూర్చొని ఇదే అనుకుంటూ పోయాను. ఏడ్చాను కూడా.

వాళ్ళావిడ వాకిట్లో శెనక్కాయలు వలుస్తోంది. ఉరుము గోడకు తగిలించి ఉంది, మీద ఆయన తువ్వాలు కప్పి ఉంది. నన్ను చూసి చాప జరిపింది. ఎట్లా జరిగిందని అడిగాను.

"ఏముంది నాయనా. పొద్దున్నే రోడ్డు కాడికి పోయొచ్చినాడు. నీళ్ళు తాగినాడు. మంచం మీద కూకున్నాడు, రెండు కాళ్ళూ పైన పెట్టుకోని. అట్ల పెట్టుకోడే అని నేను చూస్తాండంగానే వాలిపోయినాడు" అంది.

కాసేపు నేనూ శెనక్కాయలు వలిచాను. ఏదో మాట్లాడాలి కాబట్టి, "ప్రోగ్రాం అయినప్పుడల్లా నాకు ఫోన్ చేసేవాడు అత్తా" అన్నాను.

"తెలుసు కదా. నీ ఫోను పెట్టేస్తానే ఉరుము తగిలించుకోని వాకిట్లోకి వస్తాండె. నువ్వు చెప్పిన దావంతా ఒక్క పేరు పోకుండా పాడతాండె. అది అయినాకనే నీళ్ళైనా అన్నమైనా."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు అత్తా? నేను పంపించేశానని చెప్పేవాణ్ణి కదా."

"నువ్వు పంపలేదని ఆయప్పకు తెలుసులే నాయనా. పంపినోడు అట్ల గబగబా చెప్పడంట. నడిచినోని మాట నిదానంగా వస్తాదని అంటాండె. దావ కోసరం అడుగుతాండె నిన్ను. ఆ ఊర్లకు దావ చెప్పేవాళ్ళు ఇంగెవురున్నారు ఆయప్పకు?"

అంటే నా అబద్ధం ఆయనకు మొదటి రోజే తెలుసు. ఒక్కసారి కూడా నన్ను నిలదీయలేదు. పంపించానన్న అబద్ధాన్ని క్షమించి, దారి మాత్రం నిజమే చెబుతున్నానని నమ్మాడు. నేను పుట్టించిన చెరువు కట్ట మీదుగా, నేను నాటిన రావిచెట్టు కిందుగా, ఈ వాకిట్లో తిరుగుతూ ఉరుము రుద్దుకుంటూ ఆయన అమ్మను నడిపించాడు. ఆవిడకు చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఆ దావలు కూడా సగం అబద్ధాలు అత్తా. నోటికొచ్చినవి చెప్పినా."

ఆవిడ తిట్టలేదు. చేట కొంచెం ఎగరేసి పొట్టు ఊది పక్కన పెట్టింది. "అట్లనా" అంది. కొంచెంసేపటికి, "అట్లయితే ఆయమ్మ ఇంగా యాడ తిరుగుతాందో" అంది.

ఆ మాట తర్వాత నేను సరిగ్గా నిద్రపోలేదు. నాకు అమ్మ మీద నమ్మకం ఉందా లేదా అని అడగకండి, నాకు తెలియదు. ఆయనకు ఉంది, నేను మాట ఇచ్చాను, అబద్ధం చెప్పాను. ఆ మాత్రం చాలు మనిషికి.

మా తర్వాతి ప్రోగ్రాం ధర్మవరంలో, ఒక డిగ్రీ కాలేజీ వార్షికోత్సవంలో. ఆడపిల్లల బస్సులు పొద్దు గూకకముందే వెళ్ళాలని మధ్యాహ్నం మూడింటికే పెట్టారు. నేను పొద్దున్నే పోయి కాలేజీ గేటు దగ్గర నడక మొదలుపెట్టాను. మ్యాప్ తెరవలేదు. మగ్గాల వీధుల్లోంచి, అద్దకం రంగునీళ్ళు పారే కాలువ పక్కనుంచి, రైలు గేటు దాటి, చెరువు కట్ట దాకా పోయాను. కట్ట ఎక్కానో లేదో మైకులు సరిచూసుకోవాలి రమ్మని ఫోన్. అక్కడినుంచి వెనక్కి వచ్చేశాను.

డ్రమ్ముల కుర్రాడికి ఒక్కటే చెప్పాను, చివరి దెబ్బ తర్వాత వెళ్ళిపోవద్దు, వాయించనూ వద్దు అని. పాట అయింది. జనం గొంతులు చించుకున్నారు. నేను గిటార్ పక్కన పెట్టి మైకు దగ్గరికి వచ్చి ఆయన నేర్పిన రాగం ఎత్తుకున్నాను. ముందు ఈలలు వేశారు. ఎవరో నవ్వారు. "అన్నా, ఇంగో పాట ఏయన్నా" అని కేకలు. గేటు దాటు తల్లీ, మగ్గాల వీధిలో మెల్లగా పో, పడుగు తెగనీకు. ఆ మాటకు కొందరు నవ్వడం ఆపారు. అక్కడ సగం మంది మగ్గాల ఇళ్ళ పిల్లలే. రంగునీళ్ళు దాటు, చీర ఎత్తుకో. రైలు గేటు కాడ రైలు పోయిందాక నిలబడు. చెరువు కట్ట ఎక్కు.

కట్ట ఎక్కించాను. ఆ తర్వాత దారి నాకు తెలియదు. కట్ట ఎక్కు తల్లీ అని రెండోసారి పాడాను. మూడోసారి పాడాను. మైదానం మొత్తం నన్నే చూస్తోంది. ఏదో ఒకటి అనేయడం నాకు అలవాటైన పనే, నోటిదాకా వచ్చింది కూడా. అనలేదు. పాడటం ఆపి, "ఈడ్నుంచి నాకు దావ తెలీదు" అన్నాను మైకులోనే.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. "కట్ట మీదనే మరువ దాకా పోనీ అన్నా. ఆడ ఎడమకి దిగితే బండ్ల బాట ఉండాది."

అది పాడాను.

"ఎడమకి కాదు, ఆడ కంప ఏసినారు ఇప్పుడు" వెనకనుంచి ఒక మగపిల్లవాడు అన్నాడు. "కుడికి దిగి తోపులోంచి పోవల్ల."

అది పాడాను. ఇంకెవరో వంక ఉందన్నారు. ఇంకెవరో వంకలో గుంతలున్నాయి, గట్టు మీద పొమ్మన్నారు. స్టేజీ పక్కన చీపురు పట్టుకొని నిలబడిన ఒకావిడ, "చేను మధ్యలో తొక్కొద్దని చెప్పు నాయనా, శెనగ మొలకలు ఉండాయి" అంది. అది కూడా పాడాను. వాళ్ళు చెప్పడం, నేను పాడటం. కొంతసేపటికి చెప్పేవాళ్ళు కూడా రాగంలోనే చెబుతున్నారు. అట్లా చిత్రావతి ఒడ్డు దాకా పోయాం. ఏట్లో నీళ్ళు లేవన్నారు. ఇసకలో నడిపించాం.

"దాటె" అంది చీపురు పట్టుకున్నావిడ.

నేను ఆపాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఈల వేయలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి, స్టేజీకి వీపు తిప్పి, మాట్లాడకుండా గేటు వైపు నడిచిపోయారు. ఒక్కరూ తల తిప్పి చూడలేదు. మైదానంలో కుర్చీలు మిగిలాయి.

కారులో డ్రమ్ముల కుర్రాడు ముఖం మాడ్చుకొని కూర్చున్నాడు. పెనుకొండ దాటుతుండగా అడిగాడు. "ఏంటన్నా, వాళ్ళకి నచ్చలేదా? ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మనల్ని చూడను కూడా చూడలేదు."

వాడిది బెంగళూరు. అమ్మను పొలిమేర దాటించాక వెనక్కి చూడకూడదని వాడికి తెలియదు. ఎవరి ఇల్లు వాళ్ళు చేరేదాకా నోరు తెరవకూడదనీ తెలియదు.

వాడు మళ్ళీ అడిగాడు. హిందూపురం ఇంకా రాలేదు, నేను జవాబు చెప్పలేదు.